నడుమ నాలుగు నల్ల వైర్లు

హైదరాబాదులో కంప్యూటర్ చరిత్ర ఎవరు రాసినా మాదాపూర్ నుంచే మొదలుపెడతరు. 1998 నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించిండు, అంతకుముందు అంతా చీకటే అన్నట్టు రాస్తరు. ఆ రాతల్లో ముఖ్యమంత్రులు ఉంటరు, ప్రోగ్రామర్లు ఉంటరు, అమెరికా ఉంటది. కంప్యూటర్ చెడిపోతే దాని మూత విప్పినోడు మాత్రం ఎక్కడా కనబడడు. మూసీకి ఇవతల, మలక్‌పేట టీవీ టవర్ దాటినంక, దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ గల్లీలల్ల ఎంతోమంది పిల్లగాళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకొని బతికిండ్రు. వాళ్లల్లో మా వాడల పిల్లలు తక్కువేం లేరు. నేనూ ఒకణ్ణి. మా సంగతి ఇంకొకడు రాస్తడని ఎదురుచూసుడు దండుగ. అందుకే రాస్తున్న.

నిజానికి ఈ దేశపు కంప్యూటర్ చరిత్రలో రిపేరుకు పెద్దపీట ఉండాలె. 1967లో హైదరాబాదులోనే ఈసీఐఎల్ పుట్టింది. టీడీసీ అనే పేరుతో సొంతంగా కంప్యూటర్లు తయారుచేసింది. 1975లో కేంద్ర ప్రభుత్వం ఇంకో సంస్థ పెట్టింది. దాని పేరు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. 1978లో ఐబీఎం దేశం విడిచిపోతే, అది వదిలిపోయిన మిషన్లను నడిపించే బాధ్యత దాని మీదనే పడ్డది. చూడుండ్రి, పేరు నడుమనే మరమ్మతు ఉంది! తరువాత ఆ పేరు సీఎంసీ అని పొట్టిదైంది. నడిమి అక్షరం దేనికో అందరూ మరిచిపోయిండ్రు. 2001లో టాటాలకు అమ్మిండ్రు, 2015లో టీసీఎస్‌లో కలిపేసిండ్రు. రిపేరు చేసేటోని పేరు చరిత్రలోంచి ఎట్ల జారిపోతదో ఈ ఒక్క పేరు చూస్తే తెలుస్తది.

1981 ఆగస్టులో ఐబీఎం చిన్న కంప్యూటర్‌ను, అంటే పీసీని, మార్కెట్‌లోకి తెచ్చింది. దాంతోపాటు సాంకేతిక వివరాల పుస్తకం ఒకటి అమ్మింది. సర్క్యూట్ బొమ్మలు, మిషన్‌ను నిద్రలేపే బయోస్ ప్రోగ్రాం, అన్నీ అందులో అచ్చువేసింది. అట్ల గుట్టు తెలిసినంక వేరే కంపెనీలు అట్లాంటి మిషన్లే చేసినయి. 1984 నవంబర్‌లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చి దిగుమతులు సడలించింది. తొంభైలకొచ్చేసరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బోర్డులు, కార్డులు, డిస్కులు విడివిడిగా దొరికేవి. కోఠిలో సోల్డర్ తీగ, ఫ్యూజులు, మల్టీమీటర్ దొరికేవి. శూద్రుడు వేదం వింటే చెవుల్లో కరిగిన లోహం పోయాలని ధర్మసూత్రాల్లో రాసుకున్న దేశం ఇది. అట్లాంటి దేశానికి తన గుట్టంతా అచ్చులో పెట్టిన మిషన్ ఒకటి వచ్చింది. సోల్డర్ తీగల ఉండేది తగరం, సీసమే. ఆ కరిగిన లోహంతోనే మేం విరిగిన అతుకులు అతికినం.

నాది నల్లగొండ జిల్లా. మాదిగోళ్లం. మా నాయిన చెప్పులు కుట్టేటోడు. లంద, తంగెడు చెక్క, ఆరె, రంపె, వీటి నడుమనే పెరిగిన. ఇంటర్ కాంగనే పట్నం వచ్చి సరూర్‌నగర్ చెరువు పక్క రేకుల రూములో నలుగురం దిగినం. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు రెండూ ఎల్బీనగర్ దిక్కు నుంచే పట్నంలకు వస్తయి కాబట్టి మా జిల్లా పిల్లలకు ఆ చుట్టుపక్కలనే మొదటి మజిలీ. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్టు మెట్టుకూ ఒక ఇన్‌స్టిట్యూట్ బోర్డు. నేను పోయిన దాంట్ల కౌంటర్ మీద రెండు కాయితాలు ఉండె. సాఫ్ట్‌వేర్‌ది మెరిసే రంగు కాయితం, హార్డ్‌వేర్‌ది జిరాక్స్ కాయితం. కూసున్న పెద్దమనిషి నా సర్టిఫికెట్‌లో కులం గడి దాకా చదివి, "మీకు హార్డ్‌వేర్ బాగుంటది బాబూ, చేతిపని కదా" అన్నడు. కులానికీ కోర్సుకూ లంకె ఆయనే పెట్టిండు. ల్యాబ్‌లోకి దుమ్ము పోవద్దని చెప్పులు బయట విడువమన్నరు. అవి మా నాయిన కుట్టినవి. ఆ కుప్పల తెగకుండ ఎక్కువ రోజులు నిలిచినవి అవే.

అసలు పని అక్కడ నేర్వలే, ఒక చిన్న సర్వీస్ షాపులో నేర్చిన. అక్కడ మలక్‌పేట నుంచి వచ్చే ఒక ముస్లిం అన్న ఉండె. "తమ్మీ, ముందు విను. స్క్రూడ్రైవర్ తర్వాత పట్టు" అనేటోడు. కంప్యూటర్ లేవంగనే తన ఒళ్లు తానే తడుముకుంటది. బాగుంటే ఒక్క బీప్. చాలా బోర్డుల్లో ఒక పొడుగు రెండు పొట్టి బీపులు వస్తే డిస్‌ప్లే కార్డు తేడా. ఆగకుండా మోగితే ర్యామ్ మీద అనుమానం. ర్యామ్ తీసి, దాని బంగారు అంచును బడిపిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ పెడితే సగం కేసులు అక్కడనే తేలేవి. తారీఖు ప్రతిసారీ 1980కి పోతున్నదంటే లోపలి బ్యాటరీ అయిపోయినట్టు. ఏమీ మోగకపోతే అన్నీ పీకి పక్కన పెట్టాలె. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, కరెంటు, అంతే. తర్వాత ఒక్కొక్కటి కలపాలె. దేన్ని కలిపినంక ఆగిపోతదో అదే దొంగ. ముందుగాల ఎవ్వని మీదా నింద వెయ్యొద్దు, పరీక్ష పెట్టి తేల్చాలె. మా ఊళ్ల దొంగతనం జరిగితే పోలీసులు నేరుగా మా వాడకే వచ్చేటోళ్లు. కాబట్టి ఈ న్యాయం నాకు శానా నచ్చింది.

అన్న చెప్పిన ఇంకో సూత్రం నేను చచ్చేదాకా మర్వను. పాత ఏటీ బోర్డుకు కరెంటు తెచ్చే పిన్నులు రెండు ఉండేవి, పీ-8, పీ-9. చూడటానికి రెండూ ఒక్కతీరే. అటుదిటు పెడితే బోర్డు కాలిపోతది. గుర్తు ఒక్కటే. రెంటి నల్ల వైర్లు పక్కపక్కన రావాలె. నడుమ నాలుగు నల్ల వైర్లు కలిసి ఉంటే మిషన్ బతుకుతది. నలుపును విడదీసి అంచులకు తోస్తే పొగ వస్తది. దీనికి వేరే భాష్యం నేను చెప్పాల్నా?

1995లో ఏటీఎక్స్ వచ్చింది. ఒకటే పిన్ను, తిరగేసి పెడదామన్నా పోదు. మంచిదే. పని పెరిగింది గని తగ్గలే. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ పేలింది. చెర్నోబిల్ అని కూడా అన్నరు. హార్డ్ డిస్క్ మొదటి భాగాన్ని చెత్తతో నింపింది, కొన్ని బోర్డుల్లో బయోస్‌నే చెరిపేసింది. బయోస్ పోయిన బోర్డు శవం లెక్క. దాన్ని లేపాలంటే అదే రకం మంచి బోర్డును నడిపించి, కరెంటు ఉండంగనే దాని చిప్ పీకి, చచ్చిన చిప్‌ను ఆ గుంతల పెట్టి ప్రోగ్రాం మళ్లీ రాయాలె. చెయ్యి వణికితే రెండు బోర్డులూ పోతయి. ఆ వారమంతా మేం ఇదే చేసినం. ఆ పని తెలిసినోనికి డిగ్రీ ఉందా అని ఎవ్వరూ అడగలే.

కులం మాత్రం అడిగిండ్రు. ఒక కాలనీల ఒక ఇంట్ల కంప్యూటర్ పూజగది పక్కన ఉండె. సగం పనిల ఉండంగ ఆయన ఇంటిపేరు అడిగిండు, ఊరు అడిగిండు, ఊళ్ల ఏ దిక్కు ఇల్లని అడిగిండు. తెలుసుకున్నంక, "వరండాలో వెలుతురు బాగుంటది, అక్కడ చెయ్యి" అన్నడు. అరవై కేజీల మనిషిని, మానిటర్, డబ్బా మోసుకొని నేనే బయటికొచ్చిన. నా చెయ్యి తాకిన కీబోర్డు మళ్లీ లోపలికే పోయింది. దానికి అంటు లేదు!

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైంది. పేరు పక్కన మాదిగ అని రాసుకునే ధైర్యం మాకు అప్పుడొచ్చింది. సొంత షాపు పెట్టినంక బిల్లు బుక్కు మీద నా పేరు చివర మాదిగ అని అచ్చేయించిన. కొందరు గిరాకీలు రాకడ బందువెట్టిండ్రు. వచ్చినోళ్లు ఇంకేమీ అడుగకుండ వచ్చిండ్రు. నాకు అదే లాభం.

మెచ్చుకునేటోళ్లూ ఉన్నరు. "మీ చేతిల పని రక్తంలనే ఉంది" అంటరు. ఈ మెప్పు నాకొద్దు. తోలుపని మా నాయిన రక్తంతో నేర్వలే, తాత దగ్గర దెబ్బలు తిని నేర్చిండు. బోర్డు పని నేను రాత్రుళ్లు కూసొని నేర్చిన. రక్తంల ఉందంటే, నేర్చిన కష్టమూ పాయె, ఇంకోటి నేర్చే హక్కూ పాయె. పని పంచుకునుడు వేరు, పనిచేసే మనుషులను మెట్లు మెట్లుగా కూసోబెట్టుడు వేరు. ఈ తేడాను అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో విప్పి చెప్పిండు. సాఫ్ట్‌వేర్ తలకాయది, హార్డ్‌వేర్ చేతిది అన్నప్పుడు కంప్యూటర్ల గదిలకు పాత మెట్లే వచ్చినయి. బీపు విని రోగం పట్టేది చెయ్యా, తలకాయా?

2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. మా గల్లీల మీదుగా రైలు పోతున్నది. కింద మిషన్ల మూతలు మళ్లీ మూసుకుంటున్నయి. శానా ల్యాప్‌టాపుల్ల ర్యామ్‌ను బోర్డుకే అతికేస్తున్నరు, మూతకు జిగురు పెడుతున్నరు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో ఒక పోర్టల్ తెరిచింది. హక్కు అనే మాట ఇన్నేళ్లకు వాళ్ల నోట వచ్చింది. ఆ మాట మాకు పాతదే. బడి తలుపు, బాయి గిరక, గుడి గడప, అన్నిట్లా మేం అడిగింది మూత తియ్యమనే.

నా దగ్గర బిల్లు బుక్కులు ఒక పెట్టె నిండ ఉన్నయి. తారీఖు, వచ్చిన రోగం, దొరికిన కారణం, చేసిన మందు, కింద నా పూర్తి పేరు. హైదరాబాదు కంప్యూటర్ చరిత్ర రాసేటోళ్లు ఎవరన్నా వస్తే ఇస్త. రాకపోతే మా వాడ పిల్లలు చదువుకుంటరు.