ట్రంకుపెట్టె పయనం

మా ఇంట్లో బడి గడప దాటి కాలేజీకి పోయింది నేనే మొదలు. 1984 ఎండాకాలంలో డిగ్రీ ఫారం నింపుతుంటే 'తండ్రి చదువు' అనే గడి దగ్గర కలం ఆగింది. నాయన వేలిముద్రే మా జవాబు. టీసీ, ఆదాయ పత్రం, రెండు జతల బట్టలు, అవ్వ దంచిన శెనక్కాయల పొడి. ట్రంకుపెట్టె నిండింది.

వేదవతిని హగరి అని పిలుచుకునే ఊరు మాది. ఏట్లో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. మా రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలోది. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. బళ్ళారి మైసూరుకు పోయింది, మేం అనంతపురంలో కలిశాం. సంతకు మాత్రం నాయన బళ్ళారి బస్సే ఎక్కేవాడు. నా చదువు దారి అనంతపురం వైపు మళ్ళింది.

అక్కడి ఆర్ట్స్ కాలేజీ 1916లో దత్తమండలాల కాలేజీగా మొదలైంది. నిజాం 1800లో ఇంగ్లీషోళ్ళకు అప్పగించిన నేల కాబట్టి ఆ పేరు. 1928లో నంద్యాల సభలో ఈ సీమను 'రాయలసీమ' అన్నారు. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు ఈ కాలేజీ అధ్యాపకుడే.

నీలం సంజీవరెడ్డి ఇక్కడే చదివి, 1931లో చదువు వదిలి స్వాతంత్ర్య పోరాటంలో దూకారని, తర్వాత రాష్ట్రపతి అయ్యారని మా అయ్యవారు చెప్పారు. నాయన అంతా విని, పెట్టె బస్సు పైకెక్కిస్తూ అన్నాడు:

"ఆయప్పకు చెల్లింది. నువ్వు మాత్రం నడిమధ్యలో ఇడిసిపెట్టాకు నాయనా."