కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టుతో ఛార్జింగ్

ఫోన్, ఇయర్‌బడ్స్, కెమెరా వంటి చేతి పరికరాల బ్యాటరీని కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టు నుంచి నింపుకోవడం ఇప్పుడు అందరికీ అలవాటే. అయితే ఆ పోర్టు పుట్టింది ఇందుకు కాదు. కీబోర్డుకొకటి, ప్రింటరుకొకటి, మోడెమ్‌కొకటి అంటూ కంప్యూటర్ వెనక రకరకాల సాకెట్లు ఉండే రోజుల్లో, అన్నిటికీ ఒకటే చాలునని కొన్ని కంపెనీలు కలిసి 1996లో యూఎస్‌బీ తొలి ప్రమాణాన్ని విడుదల చేశాయి. ఇంటెల్‌లో ఆ పని నడిపినవారిలో ముఖ్యుడు, వడోదరలో ఇంజినీరింగ్ చదివిన అజయ్ భట్. మౌసులాంటి వాటికి వేరే అడాప్టర్ అవసరం లేకుండా అదే కేబుల్లో కొద్దిపాటి కరెంటు కూడా పంపారు. తర్వాత ఫోన్లు వచ్చి వాలింది దాని మీదే.

పాత కేబుల్ కోసి చూస్తే మామూలుగా నాలుగు తీగలు కనిపిస్తాయి. ఎరుపులో 5 వోల్టులు, నలుపు గ్రౌండు. ఆకుపచ్చ, తెలుపు డేటాకు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం పరికరం మొదట 100 మిల్లీఆంపియర్లకు మించి లాగకూడదు. తానెవరో, ఎంత కావాలో చెప్పి, కంప్యూటర్ సరేనన్నాకే 500 వరకు తీసుకోవాలి. యూఎస్‌బీ ఫ్యాన్లు, చిన్న దీపాలు చాలావరకు ఈ మర్యాద పాటించవు. కంప్యూటర్లూ చూసీచూడనట్టు ఊరుకుంటాయి. మరీ ఎక్కువ లాగితే మాత్రం పోర్టు కరెంటు ఆపేస్తుంది.

500 మిల్లీఆంపియర్లంటే 2.5 వాట్లు. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు. నష్టాలేమీ లేవనుకున్నా ఏడున్నర గంటలు పడుతుంది. ఆ మధ్యలో వీడియో చూస్తే వచ్చింది వచ్చినట్టే ఖర్చవుతుంది. 2008 నాటి యూఎస్‌బీ 3.0 ఈ పరిమితిని 900 మిల్లీఆంపియర్లకు పెంచింది. 2010లో వచ్చిన తొలి ఐప్యాడ్‌కు చాలా కంప్యూటర్ల పోర్టులు చాలక, ఛార్జ్ కావడం లేదనే మాట తెర మీద చూపించేది.

గోడకు పెట్టే మామూలు ఛార్జర్‌తో ఈ సంప్రదింపు ఉండదు. అందులో రెండు డేటా తీగల్నీ లోపలే కలిపేస్తారు. అది గమనించిన ఫోన్, అవతల ఉన్నది కంప్యూటర్ కాదని గ్రహించి ఎక్కువ లాగుతుంది. బ్యాటరీ ఛార్జింగ్ ప్రమాణం ఈ పద్ధతిని ఖరారు చేసింది. డేటాతో పాటు 1.5 ఆంపియర్ల దాకా ఇచ్చే కంప్యూటర్ పోర్టులకూ అందులో చోటిచ్చింది. నిద్రలో ఉన్న ల్యాప్‌టాప్‌లో కొన్ని పోర్టులు మాత్రమే పనిచేస్తాయి. వాటి పక్కన తరచుగా మెరుపు గుర్తు ఉంటుంది, కానీ గుర్తులు కంపెనీని బట్టి మారతాయి.

2014లో వచ్చిన టైప్-సీతో 5 వోల్టుల వద్దే 3 ఆంపియర్లు సాధ్యమయ్యాయి. పవర్ డెలివరీ ప్రమాణం 2021 నాటికి 240 వాట్లకు చేరింది. అలాగని ల్యాప్‌టాప్ పోర్టు ఫోనుకు అంత ఇస్తుందనుకోకూడదు. బయటికి వచ్చేది సాధారణంగా 15 వాట్లలోపే. పెద్ద అంకెలు ల్యాప్‌టాప్ తాను తీసుకునే వాటికి సంబంధించినవి. కరెంటు పోయిన రాత్రి ల్యాప్‌టాప్‌నే పవర్ బ్యాంకుగా వాడుకోవచ్చు. 50 వాట్ అవర్ల బ్యాటరీ, మూత వేసి ఉంచితే, పైన చెప్పిన ఫోన్‌ను దాదాపు రెండుసార్లు నింపగలదు.

కరెంటు వచ్చే దారే డేటా దారి కూడా. అందుకే 2013 నుంచి ఐఫోన్, కొత్త కంప్యూటర్‌కు తగిలించగానే దాన్ని నమ్మాలా అని అడుగుతోంది. ఆండ్రాయిడ్ ఫోన్లు మామూలుగా ఛార్జింగ్‌కే పరిమితమై, ఫైళ్లు ఇవ్వాలంటే మన అనుమతి కోరతాయి. తెలియని కంప్యూటర్ల కోసం డేటా తీగలు లేని కేబుళ్లూ దొరుకుతాయి. వాటితో ఫోన్ కంప్యూటర్‌తో మాట్లాడలేదు కాబట్టి, కొన్నిసార్లు ఛార్జింగ్ ఇంకా నెమ్మదిస్తుంది.