ఓడ పట్టీలో ఒక్క వరుస

సముద్రం దాటిన తెలుగు కూలీల వారసులు ముత్తాతల ఊళ్లు వెతుక్కుంటున్నారు. వాళ్ల ప్రశ్నలకు సగం జవాబు డర్బన్‌లో దొరుకుతుంది. మిగతా సగం మన పల్లెల్లో ఉంది.

1860 అక్టోబరు 12న మద్రాసు రేవు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ బయల్దేరింది. అందులో 342 మంది ఉన్నారు. నవంబరు 16న అది దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నాటాల్ చెరకు తోటల యజమానులకు కూలీలు కావాలి. ఇక్కడ కరువుకూ అప్పుకూ చిక్కినవాళ్లకు తిండి కావాలి. మధ్యలో కొన్నేళ్లు ఆగినా, 1911 దాకా ఆ ఓడలు నడిచాయి. మొత్తం 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నాటాల్‌లో దిగారు. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. తమిళులతో పాటు విశాఖ, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ వేలల్లో వెళ్లారు.

నెలకు పది షిల్లింగుల జీతంతో పని మొదలుపెట్టి, గడువు తీరాక కూడా చాలామంది అక్కడే ఉండిపోయారు. గడువు తీరాక మళ్లీ ఒప్పందంలో చేరకుండా, భారతదేశానికి తిరిగి వెళ్లకుండా ఉండిపోయినవాళ్లపై మనిషికి ఏటా మూడు పౌండ్ల పన్ను వేస్తూ 1895లో చట్టం వచ్చింది. గాంధీజీ నడిపిన సత్యాగ్రహం తర్వాత, 1914లో గానీ అది రద్దు కాలేదు. ఇన్ని బాధలు పడుతూనే గుళ్లు కట్టుకున్నారు, బళ్లు పెట్టుకున్నారు. 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. వాళ్ల మనవలూ మునిమనవలూ ఈరోజు అడిగేది ఒక్కటే: మాది ఏ ఊరు?

పట్టీలో ఏముంది?

నాటాల్‌లో దిగిన ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఎదుట ఓడ పట్టీలో ఒక వరుస ఉంటుంది: పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. నుదుట గాటో, మోకాలిమీద కాలిన మచ్చో, ఏది కనిపిస్తే అది రాసుకున్నారు. పారిపోతే పట్టుకోవడానికి పనికొస్తాయని రాసిన ఆ గుర్తులే, నూటయాభై ఏళ్ల తర్వాత ఒక మునిమనవరాలికి ముత్తాత రూపాన్ని కొంతైనా చూపిస్తున్నాయి. ఫోటో కూడా లేని మనిషికి అంతకన్నా దగ్గరి ఆనవాలు లేదు.

చరిత్రకారిణి జాయ్ బ్రెయిన్ ఈ పట్టీలను కంప్యూటర్లోకి ఎక్కించే పెద్ద పనికి పూనుకున్నారు. క్వాజులు నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ–లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ వాటిని అందరికీ అందుబాటులో ఉంచింది. వెతికేవాళ్లు ఇంట్లోని పాత పెళ్లి పత్రం, మరణ పత్రం తీసి అందులో తాత నంబరు ఉందేమో చూస్తారు. నంబరు దొరికితే పట్టీలో వరుస దొరికినట్టే.

అసలు కష్టం అక్కడినుంచి మొదలవుతుంది. పట్టీలో ఇంటిపేరు ఉండదు. నాయుడు, రెడ్డి వంటి మాటలే అక్కడ ఇంటిపేర్లయిపోయాయి. కొందరికి తాత సొంత పేరే ఇంటిపేరయింది. తెలుగు రాని గుమాస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్న ఊరి పేరు ఇప్పటి ఏ పటంలోనూ కనబడదు. కనబడినా రామాపురాలు, కొత్తపల్లెలు ప్రతి జిల్లాలోనూ బోలెడు.

ఊరు తెలియకపోతే దేవుణ్ని అడగాలి

ఇలాంటప్పుడు మనవాళ్ల పేర్లే దారి చూపుతాయి. తెలుగు పల్లెల్లో పిల్లలకు ఇలవేల్పు పేరో, గ్రామదేవత పేరో పెట్టుకునేవాళ్లు. అప్పలస్వామి, అప్పలమ్మ అనే పేరుంటే సింహాచలం అప్పన్నను కొలిచే ఉత్తరాంధ్ర వైపు చూడాలి. పైడయ్య, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి. నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి ప్రాంతం. మావుళ్లు అంటే భీమవరం మావుళ్లమ్మ. పెంచలయ్య అంటే నెల్లూరు జిల్లా పెంచలకోన నరసింహస్వామి. ఇది రుజువు కాదుగానీ, ఎటు వెతకాలో చెప్పే మంచి ఆధారం. తండ్రీ కొడుకూ ఇద్దరి పేర్లూ ఒకే దేవుడివైపు చూపిస్తే ఆధారం ఇంకాస్త గట్టిపడుతుంది.

తర్వాత జిల్లా సంగతి చూడాలి. పట్టీలో ‘విశాఖపట్నం’ అని ఉంటే ఇప్పటి విశాఖకు వెళ్లి అడిగితే లాభం లేదు. ఆ పాత జిల్లా నుంచి 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం విడిపోయాయి. 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం జిల్లాలు వచ్చాయి. ‘ఉత్తర ఆర్కాటు’ అని ఉన్నంతమాత్రాన తమిళనాడే అనుకోకూడదు. అందులోని తెలుగు తాలూకాలు 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. ‘గంజాం’లో ఎక్కువ భాగం 1936లో ఒడిశాలో కలిసింది. అందుకే ముందు ఆనాటి తాలూకా పటం సంపాదించుకుని, ఆ తర్వాతే ఊరిని వెతకాలి.

భూమి లేనివాడికి కాగితం లేదు

ఊరు దొరికాక చాలామంది రెవెన్యూ దస్తరాలకోసం పరుగెత్తుతారు. కోస్తా, రాయలసీమల్లో ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు, రీసర్వే సెటిల్మెంట్ రిజిస్టర్లు, అడంగళ్లు ఉన్నాయి. తెలంగాణలో సేత్వారు, ఖాస్రా పహాణీ ఉన్నాయి. భూమి ఉన్న కుటుంబాలకు ఇవి బంగారు గనులు. ఇనాం ఎవరికి వచ్చింది, తండ్రి నుంచి ఎవరికి దక్కింది, పట్టా ఎవరి పేర ఉంది అన్నీ వరసగా తెలుస్తాయి.

కానీ ఓడ ఎక్కినవాళ్లలో ఎక్కువమందికి సెంటు భూమి లేదు. పన్ను కట్టేవాడి పేరే సర్కారు రాసుకుంది. పొలంలో ఒళ్లు వంచినవాడి పేరు ఎక్కడా రాయలేదు. సముద్రం దాటినవాడికి కనీసం ఓడ పట్టీలో ఒక వరుస మిగిలింది. దాటకుండా ఇక్కడే ఉండిపోయిన అతని అన్నకూ అక్కకూ అదీ లేదు. మన చరిత్రలోని పెద్ద అన్యాయాల్లో ఇదొకటి. దాన్ని కొంతైనా సరిదిద్దగలిగేది మనుషుల జ్ఞాపకమే.

ఆ జ్ఞాపకాన్ని వృత్తిగా కాపాడినవాళ్లు మన దగ్గర ఉన్నారు. పూర్వం పిచ్చకుంట్లవారని పిలిచిన వంశరాజులు రెడ్ల, కాపుల గోత్రాలూ ఇంటిపేర్లూ అప్పజెప్పేవాళ్లు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెప్పేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు ఉన్నారు. భూమి దస్తరంలో చోటు దక్కని కులాలకు కూడా వంశకథ ఉందని చాటింది వీళ్లే. ఆదరణ కరువై ఈ వృత్తులు వేగంగా అంతరించిపోతున్నాయి. మరోవైపు, 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక, ఊరి గుట్టంతా తెలిసిన ఆ తరం మనుషులూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మనం చేయవలసింది

ఇలాగే కూలీలు వలస వెళ్లిన మారిషస్‌లోని భారత సంతతివాళ్లకు ఏడో తరం దాకా ఓసీఐ (విదేశీ భారతీయ పౌరసత్వ) కార్డు ఇచ్చే ప్రత్యేక వెసులుబాటును 2024 మార్చిలో మన ప్రభుత్వం ప్రకటించింది. అక్కడ మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ వలస కూలీల రికార్డులను పదిలంగా దాచింది. సముద్రానికి అవతలివాళ్లు తమ వంతు పని శ్రద్ధగా చేశారు. ఇవతల ఉన్న మనం మన వంతు పని మొదలుపెట్టాలి.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ వారమే వాళ్ల పక్కన కూర్చోండి. ఫోన్‌లో మాటలు రికార్డు చేయండి. తాత ముత్తాతల పేర్లతో ఆగకండి. అమ్మమ్మ, నాయనమ్మ, వాళ్ల అమ్మల పేర్లూ, ఒక్కొక్కరి పుట్టిల్లు ఏ ఊరో కూడా అడగండి. ఇంటిపేరు మగవాళ్ల వెంటే నడుస్తుంది కాబట్టి వంశవృక్షంలో మొదట రాలిపోయేవి ఆడవాళ్ల పేర్లే. ఇలవేల్పు ఎవరు, ఏ ఊరినుంచి వలస వచ్చారు, ఇంట్లోంచి వెళ్లి తిరిగిరాని మనిషి ఎవరైనా ఉన్నారా అని అడగండి. ‘మా తాత తమ్ముడొకడు ఓడెక్కి పోయాడట’ అనే ఒక్క మాట చాలు, డర్బన్‌లోని ఒక కుటుంబానికి దారి దొరకడానికి.

చెప్పిన ప్రతి మాట పక్కనా ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయండి. ఒక ప్రతి మీ ఇంట్లో ఉంచి, ఇంకొకటి ఊరి బడికో గ్రంథాలయానికో ఇవ్వండి. ముత్తాత పేరు పట్టుకుని ఎవరైనా మీ ఊరొస్తే, ముందుగా చూడవలసిన పుస్తకం అదే అవుతుంది.