మంచు కొండలకు హాస్టలు దారి

మా బాలాపూర్ పేరు చెబితే ఎవరికైనా గణేశుడి లడ్డూ వేలమే గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. ఏ ఏడు ఎంత పలికిందో మా గల్లీ పిల్లలు ఎక్కాల్లాగా అప్పజెబుతారు. ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన తెలుగాయన ఎవర్రా అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సర్కారు బళ్ళలో డ్రిల్లు సారుగా చేసి రిటైరైనవాణ్ణి, పిల్లల్ని ఏమనను? చెప్పాల్సింది మాలాంటివాళ్ళమే.

ఆయన పేరు మల్లి మస్తాన్ బాబు. 1974 సెప్టెంబర్ 3న నెల్లూరు జిల్లా గాంధీ జన సంఘం అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అక్కడ మంచు అనేది ఐసు బండిలో తప్ప కనిపించదు. నార్వేవాళ్ళ సంగతి వేరు. అక్కడ రోగ్నెస్ అనే పల్లెలో రైతు ఇంట పెరిగిన మారిట్ బ్యోర్గెన్ మంచులో స్కీలు కట్టుకుని పరుగెత్తే పందేల్లో ఐదు వింటర్ ఒలింపిక్స్ ఆడింది. 2002 నుంచి 2018 దాకా 15 పతకాలు, అందులో ఎనిమిది బంగారువి. ఆ ఒలింపిక్స్ చరిత్రలో అన్ని పతకాలు మరెవరికీ లేవు. ఆమె దేశస్థుడే అముండ్‌సెన్ 1911 డిసెంబర్ 14న స్కీల మీద, కుక్కల బండ్లతో దక్షిణ ధ్రువం చేరాడు. ఆమె కష్టాన్ని తక్కువ చేయడం లేదు గానీ, వాళ్ళకు మంచు వాకిట్లోనే ఉంటుంది. మన పిల్లలకు దాన్ని ఎవరో ఒకరు చూపించాలి. నా లెక్కలో ఆ పని చేసింది బడి, అందులోనూ హాస్టలు ఉన్న బడి.

మస్తాన్ బాబు విషయంలో అది విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలు. అక్కడే చదువుకున్న లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కర్ రావు 1985లో మన సైన్యం వారి ఎవరెస్టు యాత్రలో ప్రాణం పోగొట్టుకున్నాడు. బడిలో ఆయన విగ్రహం పెట్టారు. ఆ విగ్రహం చూసే మస్తాన్‌కు కొండల మీద మనసు పడింది. ఎన్నో బళ్ళలో విగ్రహాలు చూశాను. జయంతికి దండ, వర్ధంతికి దండ, మధ్యలో కాకులు. ఒక పిల్లవాడి బతుకు మలుపు తిప్పిన విగ్రహం నాకు తెలిసి ఇదొక్కటే.

తరవాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, సత్యంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కలకత్తా ఐఐఎం. మన ఇళ్ళలో పిల్లలకు చూపించే నిచ్చెన మొత్తం ఎక్కేసి, ఆయన కొండల దిక్కు పోయాడు.

2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో మొదలుపెట్టాడు. ఎత్తు 4,892 మీటర్లే కానీ అక్కడికి పోవడమే ఒక యజ్ఞం. దక్షిణ అమెరికా కొసన చిలీ నుంచి విమానంలో పోయి నీలిమంచు మీద దిగాలి. ఫిబ్రవరి 17న ఆకన్‌కాగ్వా, మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కోజియస్కో. ఈ చివరిది 2,228 మీటర్లు, దాదాపు పైదాకా బాట ఉంటుంది, దాని గురించి గొప్పలు చెప్పను. మే 21న ఎవరెస్టు. జూన్ 13న రష్యాలోని ఎల్‌బ్రస్. జులై 10న అలాస్కాలోని దెనాలి.

దెనాలి దగ్గర కాస్త ఆగాలి. అక్కడ సామాను మోసే షెర్పాలుండరు. తిండి, గుడారం, కిరోసిన్ లాంటి ఇంధనం ఎవరిది వాళ్ళే వీపున కొంత మోసి, మిగతాది జారుడు బండి మీద పెట్టి, దాని తాడు నడుముకు కట్టుకుని లాగాలి. బూట్లకు ఇనుప ముళ్ళ చట్రాలు, చేతిలో మంచు గొడ్డలి. మంచు కింద దాగిన పగుళ్ళలో పడకుండా మనుషులంతా ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు. ఎవరెస్టు ఎక్కిన యాభయ్యో రోజున ఆయన దెనాలి మీద ఉన్నాడు.

ఇంకో తమాషా. ఏడు శిఖరాలూ వారంలో ఏడు వేర్వేరు రోజుల్లో ఎక్కాడు. విన్సన్ గురువారం, దెనాలి సోమవారం. పాత క్యాలెండర్ ముందు పెట్టుకుని నేనే సరిచూశాను. అప్పటికి ప్రపంచంలో అంత తొందరగా ముగించినవాళ్ళు లేరు. మరుసటి ఏడాదే ఐర్లండ్‌కు చెందిన ఇయాన్ మెక్‌కీవర్ దాన్ని 156 రోజులకు తగ్గించాడు. రికార్డులు అంతే.

2015 మార్చి నెలాఖరులో ఆండీస్ పర్వతాల్లో, అర్జెంటీనా చిలీ సరిహద్దున, ట్రెస్ క్రూసెస్ దక్షిణ శిఖరం మీద ఆయన జాడ తప్పిపోయింది. ఏప్రిల్‌లో శవం దొరికింది. సొంతూళ్ళో ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. అప్పటికి ఆయనకు నలభై ఒకటో ఏడు నడుస్తోంది.

అంతకు ముందు ఏడాదే ఇంకో హాస్టలు పిల్ల ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని. ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్‌తో కలిసి 2014 మే 25న టిబెట్ వైపు నుంచి శిఖరం చేరింది. వయసు 13 ఏళ్ళ 11 నెలలు. అప్పటి గురుకులాల కార్యదర్శి ప్రవీణ్ కుమార్ పట్టుదల, 2007లో ఎవరెస్టు ఎక్కిన శేఖర్ బాబు శిక్షణ. ఆ ఏప్రిల్ 18నే నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. నేపాల్‌లో 16 నిండని పిల్లలకు పర్మిట్టే ఇవ్వరు, అందుకే టిబెట్ దారి. పదమూడేళ్ళ పిల్లను అక్కడికి పంపొచ్చా అన్న సందేహం డ్రిల్లు మాస్టారుగా నాకు ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. 2022 జూన్‌లో దెనాలి ఎక్కి ఏడు శిఖరాలూ పూర్తి చేసింది.

పూర్ణ మొదటి పాఠం మంచు మీద కాదు, భువనగిరి ఏకశిల మీద. మన దక్కను రాయి గరుకుది, అరచేతులు గీరుకుపోతాయి గానీ పాదం జారనివ్వదు. నడుముకు పట్టీ, నెత్తిన హెల్మెట్, కింద తాడు పట్టుకుని చూసే మనిషి. రెండు చేతులూ రెండు కాళ్ళూ కలిపి నాలుగింట్లో మూడు రాతిని పట్టుకుని ఉండాలి, ఒక్కటే కదలాలి. ఇది నేర్చుకున్నాక డార్జిలింగ్, ఆ తరవాత లద్దాఖ్ చలి.

అలాంటి రాయి మా పక్కనే ఉంది. మామిడిపల్లి, పహాడీషరీఫ్ దిక్కు ఎటు చూసినా గుట్టలే. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచాక భూమి ధర పెరిగింది, గుట్టలు కంకరయ్యాయి, వెంచర్లయ్యాయి. అన్నీ ఆపమంటే ఎవరూ వినరని తెలుసు. పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈ దిక్కు ఒక్క గుట్టను బడిపిల్లల పేర రాయించండి. తాళ్ళు, హెల్మెట్లు, నేర్పడానికి ఒక మనిషి, ఇంతకు మించి ఖర్చు లేదు. అప్పటిదాకా, డ్రిల్లు సార్లూ, భువనగిరి మన దగ్గర నుంచి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగల దూరమే. పిల్లల్ని తీసుకుపోండి.