మా ఊరు గెలవని కప్పు

చదువుకోడానికి సస్కటూన్ వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాను. కెనడాలోని సస్కాచివాన్ రాష్ట్రంలో, నది ఒడ్డున ఉన్న ఊరిది. జనవరిలో మైనస్ ముప్పై డిగ్రీల చలి మామూలే. ఆ చలిలోనే రాత్రిపూట పేటవాళ్ళు గొట్టం పట్టుకుని మైదానానికి నీళ్ళు పెట్టి పిల్లల కోసం ఐస్ హాకీ రింకు తయారుచేస్తారు. పలచగా ఒక పొర, అది గడ్డకట్టాక ఇంకో పొర. తొందరపడి ఒకేసారి పోస్తే పైన పెంకు కట్టి లోపల గుల్లగా మిగిలిపోతుంది. ఈ పని నేర్పిన పొరుగింటి పెద్దాయనే నాకు 1989 ఫైనల్ కథ చెప్పారు.

అది మెమోరియల్ కప్పు. 16 నుంచి 20 ఏళ్ళ కుర్రాళ్ళు ఆడే జూనియర్ ఐస్ హాకీలో కెనడా మొత్తానికీ అదే పెద్ద బహుమతి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కెనడా సైనికుల జ్ఞాపకార్థం ఒంటారియో హాకీ సంఘం 1919లో దాన్ని ఇచ్చింది. ఆ తొలి ఫైనల్లో మా రాష్ట్రపు రెజైనా జట్టు టొరంటో కుర్రాళ్ళ చేతిలో ఓడింది. 1936లో మా ఊరి వెస్లీస్ జట్టు కూడా ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయింది. ఆలోగా రెజైనా గెలిచింది, 1985లో మా రాష్ట్రంలోనే ఉన్న ప్రిన్స్ ఆల్బర్ట్ గెలిచింది. మాకు మాత్రం అందలేదు.

1972 నుంచి మూడు లీగుల విజేతలు ఒకచోట చేరి తలపడుతున్నారు. 1983 నుంచి ఆతిథ్యమిచ్చే ఊరి జట్టునూ ఆడనిస్తున్నారు. 1989లో ఆ అవకాశం మాకొచ్చింది. క్యూబెక్ నుంచి లావల్ టైటాన్, ఒంటారియో నుంచి పీటర్‌బరో పీట్స్, పశ్చిమ లీగు నుంచి స్విఫ్ట్ కరెంట్ బ్రాంకోస్, మా ఊరి నుంచి బ్లేడ్స్.

స్విఫ్ట్ కరెంట్ మా రాష్ట్రంలోనే ఓ చిన్న ఊరు. 1986 డిసెంబర్ 30న రెజైనాలో ఆటకు బయలుదేరిన ఆ జట్టు బస్సు ఊరి శివార్లలోనే మంచుకు జారి రోడ్డు దిగిపోయింది. నలుగురు ఆటగాళ్ళు చనిపోయారు. నాలుగాకుల క్లోవర్ గుర్తు మీద 8, 9, 11, 22 అని వాళ్ళ నంబర్లు వేసి ఆ జట్టు వాళ్ళను తలుచుకుంది. ఇక్కడ ప్రతి జట్టూ చలికాలమంతా బస్సుల్లోనే తిరుగుతుంది. ఇంటికి దూరంగా వచ్చిన కుర్రాళ్ళు ఊళ్ళోని కుటుంబాల దగ్గర ఉంటారు, వాళ్ళ వంటింట్లోనే భోంచేస్తారు. అందుకే ఆ నలుగురి చావు ఈ రాష్ట్రంలో ఏ ఇంటికీ పరాయిది కాలేదు.

మే 13న ఫైనల్. బ్లేడ్స్, బ్రాంకోస్. స్కోరు 3-3 దగ్గర ఆగి ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. బ్రాంకోస్ ఆటగాడు టిమ్ టిస్‌డేల్ గోల్ కొట్టాడు. కప్పు మా ఊళ్ళోనే, మా కళ్ళముందే చేజారింది. "ఓడినందుకు ఏడుపొచ్చింది, వాళ్ళు గెలిచినందుకూ వచ్చింది" అన్నారు పెద్దాయన.

1991 జనవరిలో, ఆ ఫైనల్ జరిగిన స్టేడియంలోనే జాన్ స్లేనీ గోల్‌తో కెనడా సోవియట్ జట్టును 3-2తో ఓడించి ప్రపంచ జూనియర్ స్వర్ణం గెలిచింది. 2013లో మెమోరియల్ కప్పు పోటీలు మళ్ళీ ఇక్కడ జరిగితే, నేథన్ మెకినన్ అనే ఆటగాడున్న హాలిఫాక్స్ జట్టు కప్పు పట్టుకెళ్ళింది. బ్లేడ్స్ ఇప్పటికీ గెలవలేదు.

మా వుడ్‌లాన్ శ్మశానంలో ఓ దారి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ కోసం అయినవాళ్ళు 1923లో అక్కడ ఎల్మ్ చెట్లు నాటారు. కప్పూ, ఆ చెట్లూ ఒకే దుఃఖంలోంచి పుట్టాయి. సస్కటూన్ వచ్చే తెలుగువాళ్ళకు నా మాట ఒకటే. పిల్లల్ని బ్లేడ్స్ ఆటకు తీసుకెళ్ళండి. వెళ్ళేముందు ఆ చెట్ల మధ్య ఓసారి నడిపించండి.