రైలు ఎంత చిన్నదవగలదు?

1891లో జర్మనీలోని లైప్‌జిగ్ వసంత సంతకు గోపింగెన్ పట్నం నుంచి మార్క్లిన్ కంపెనీ ఒక బొమ్మ రైలు తెచ్చింది. కీ ఇస్తే నడిచే రైళ్లు జనానికి కొత్త కాదు. మార్క్లిన్ చేసిన కొత్త పనల్లా పట్టాల వెడల్పుకు కచ్చితమైన కొలత పెట్టడం. ఈ ఏడు ఇంజను కొన్నవాళ్లు పైఏడు రెండు పెట్టెలు, ఆ తర్వాత దారి చీల్చే పాయింటు ఒకటి కొని అదే దారికి కలుపుకోవచ్చు. వ్యాపారం బాగానే సాగింది. చిక్కల్లా చోటుతోనే. ఒకటో గేజ్‌లో పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు, సున్నా గేజ్‌లో 32. రైలు ఒక చుట్టు తిరిగి రావాలంటే గది నేలంతా దానికే వదిలేయాలి. మామూలు ఇళ్లలో అది కుదిరే పని కాదు.

ఇల్లు పెరగదు కాబట్టి రైలే తగ్గాలి. నూరెంబర్గ్‌లోని బింగ్ కంపెనీ 1922లో పట్టాల వెడల్పును 16 మిల్లీమీటర్లకు దించి, రైలును నేల మీంచి బల్ల మీదికి ఎక్కించింది. 1935లో ట్రిక్స్, మార్క్లిన్ కంపెనీలు ఇంచుమించు అదే వెడల్పులో కరెంటు రైళ్లు తెచ్చాయి. అసలు రైలులో 87వ వంతు ఉండే ఈ కొలతే క్రమంగా ప్రపంచమంతా పాకింది.

ఇంకా తగ్గించబోతే మోటారు అడ్డొచ్చింది. లండన్‌లో లోన్ స్టార్ కంపెనీ 1957లో చేత్తో తోసుకునే బుల్లి పోత రైళ్లు అమ్మి, 1960లో వాటికి మోటార్లు పెట్టింది. అంత ఇరుకులో పళ్లచక్రాలు ఇమడ్చలేక, రబ్బరు బ్యాండ్లతో చక్రాలు తిప్పించింది. రబ్బరును నమ్ముకున్న బండి ఎంత దూరం పోతుంది? కొన్నేళ్లకే వాటి తయారీ ఆగిపోయింది. అదే కాలంలో నూరెంబర్గ్‌కు చెందిన ఆర్నాల్డ్ కంపెనీ 9 మిల్లీమీటర్ల పట్టాల మీద, 160వ వంతు రైళ్లను పళ్లచక్రాలతోనే నిక్కచ్చిగా నడిపి చూపించింది.

ఇంకా కిందికి దిగబోతే అసలు శత్రువు బరువు చాలకపోవడమేనని తేలింది. పొడవు సగమైతే బరువు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 80 టన్నుల ఇంజను 87వ వంతు కొలతలో దాదాపు 120 గ్రాములు తూగాలి. 220వ వంతుకు దిగితే ఏడున్నర గ్రాములే. అంత తేలిక ఇంజను చక్రం పట్టాను గట్టిగా అదమదు. అదమకపోతే కరెంటు అందదు. పైగా, రైలును ఎంత కుదించినా దుమ్ముకణం మాత్రం తన కొలతలోనే ఉంటుంది. పెద్ద బండి నలిపేసి పోయే నలుసు బుల్లి బండిని నడిదారిలో నిలబెట్టేస్తుంది.

మార్క్లిన్ ఇంజనీరు హెల్ముట్ కిలియన్ సరిగ్గా ఆ 220వ వంతుకే గురిపెట్టాడు. పట్టాల మధ్య దూరం ఆరున్నర మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం వచ్చే బరువు చాలదు కాబట్టి ఇంజను లోపల దొరికిన చోటల్లా లోహం దట్టించి, బండిని లెక్కకు మించి తూగేలా చేశారు. 1972లో నూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శనలో అది పరుగు తీసింది. ఇంతకన్నా చిన్నది ఎవరూ చేయలేరన్న ధీమాతో దానికి జెడ్ గేజ్ అని పేరు పెట్టారు. 1978లో అలాంటి ఇంజను ఒకటి ఆరు పెట్టెలతో 1219 గంటలు ఆగకుండా తిరిగి, 720 కిలోమీటర్లు నడిచాక మోటారు పాడై ఆగింది. బొమ్మే కదా అని తీసిపారేసినవాళ్లకు అంతకన్నా జవాబేముంటుంది?

రైలు తగ్గితే ఊరూ తగ్గాలి. జెడ్ గేజ్ ప్లాట్‌ఫాం మీద మనిషి ఎనిమిది మిల్లీమీటర్లు. ఏడున్నర సెంటీమీటర్ల ఇటుక మిల్లీమీటరులో మూడో వంతు. దాన్ని ఒక్కొక్కటిగా గీస్తే గోడ అబద్ధంలా కనిపిస్తుంది. అందుకే పనితనం తెలిసినవాళ్లు గోడంతా ఇటుక రంగు పూసి, దాని మీద పలచని బూడిదరంగు నీళ్లు పట్టించి, ఆరకముందే గుడ్డతో తుడిచేస్తారు. మిగిలిన చారలు చాలు, మిగతాది చూసేవాడి కన్నే పూరించుకుంటుంది. రంగులన్నీ ఒక పిసరు వెలిసినట్టు ఉంచుతారు, దూరంలో ఉన్నవి కంటికి అలాగే ఆనుతాయి కనుక.

1970ల్లోనే ఇంగ్లండులో అలన్ రైట్ అనే మోడలర్ సమస్యను తిరగేసి చూశాడు. రైలును తగ్గించడం ఎందుకు, రైల్వేను తగ్గిస్తే పోలేదా? ఆల్నిక్ నుంచి కార్న్‌హిల్ వెళ్లే దారిలోని కిల్లం సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే పక్కదారులు, ఆయన ఆలోచనకు ఆధారం. గుండ్రంగా తిరిగే దారి లేదు. మూడు సైడింగులు, రెండు పాయింట్లు, ఎనిమిది వ్యాగన్లు. ఒక సైడింగులో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెంటిలో మూడేసి. ముందుకూ వెనక్కూ షంట్ చేసే కొస దారిలో ఇంజనుతో పాటు మూడే పడతాయి. చీటీలు తీసి, ఐదు వ్యాగన్లను వచ్చిన వరసలోనే కూర్చాలి. అలాంటి వరసలు 6720. నాలుగడుగుల పలక మీద ఏళ్ల తరబడి ఆడినా తరగని ఆట అది.

జెడ్ మీది ధీమా 2006లో టోక్యో బొమ్మల ప్రదర్శనలో సడలింది. ఏషిన్‌డో అనే జపాన్ కంపెనీ పట్టాలను మూడు మిల్లీమీటర్లకు, రైలును 450వ వంతుకు దించింది. ఆ కొలతలో 80 టన్నుల ఇంజను ఒక గ్రాము కూడా తూగదు. లోహం దట్టించడానికి చోటూ లేదు. అందుకని వాళ్లు బరువునే వదిలేశారు. పట్టాలు ఉక్కుతో చేసి, మోటారు పెట్టె చక్రాలకు అయస్కాంత శక్తి పట్టించారు. చక్రం పట్టాను అంటుకునే ఉంటుంది, కరెంటు తెగదు, ఏటవాలు దారిలోనూ జారదు. ఎనభై ఏళ్లకు పైగా బరువుతో చేసిన పెనుగులాటను అయస్కాంతం తేల్చేసింది.

అయితే అంత చిన్న పెట్టెల్ని విడదీసి షంట్ చేయడం వేళ్లకు అయ్యే పని కాదు. నగరం నడుమ దూసుకుపోయే లోకల్ రైలును చూసి మురవాలనుకుంటే మూడు మిల్లీమీటర్ల పట్టాలు, చేత్తో ఆడాలనుకుంటే రైట్ చూపిన మూడు సైడింగులు. చిన్న లేఅవుట్ కట్టదలచినవాళ్లు చోటు కొలిచేకన్నా ముందు తేల్చుకోవలసింది ఈ ఒక్క సంగతే.