వంటింట్లో ఇంజను

మా ఇంట్లో మిక్సీ పాడైతే మావారు దాన్ని వంటగట్టు మీదే విప్పుతారు. మరలన్నీ పళ్ళెంలో పోసి, "ఒక్క నిమిషం ఇది పట్టుకో" అంటారు. అవతల పోపు మాడుతున్నా సరే, ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో మోటారు పట్టుకు నిలబడడం నాకు అలవాటైపోయింది. మొన్న అలా నిలబడి ఉన్నప్పుడే క్లారా ఫోర్డు గుర్తొచ్చింది. పాపం, ఆవిడ చేతిలో పెట్టింది మోటారు కాదు, పెట్రోలు!

అది 1893 డిసెంబరు 24. అమెరికాలోని డెట్రాయిట్‌లో, బాగ్లీ వీధిలో 58వ నంబరు ఇల్లు. తెల్లవారితే క్రిస్మస్. మనకి భోగి ముందు రాత్రి ఎలా ఉంటుందో, ఆవిడకీ అలాగే ఉంది. వంటింటి నిండా పండగ హడావిడి. ఇంట్లో 48 రోజుల పసివాడు నిద్రపోతున్నాడు. అంటే ఆవిడ ఇంకా బాలింతరాలే. సరిగ్గా ఆ వేళకి ఆయనగారు, హెన్రీ ఫోర్డు, చెక్కమీద బిగించిన ఇనపసామానేదో మోసుకొచ్చి వంటింటి సింకుకి తగిలించాడు.

నేను బి.ఏ. చదివినదాన్ని. ఇంజనంటే నాకు తెలిసింది రైలింజనే. అయినా ఈ బొమ్మ ఇంజను సంగతి నాకే అర్థమైందంటే, అదెంత సులువైనదో ఊహించుకోండి. అంగుళం గ్యాసు గొట్టం ముక్క ఒకటి తీసుకుని, లోపల నున్నగా తొలిచి సిలిండరు చేశాడు. అందులో ఆడే పిస్టను తనే తయారుచేసుకున్నాడు. సైకిలు పంపులో కడ్డీ చివర బిళ్ళ ఉంటుంది చూశారూ, అలాంటిదే. పాత లేతు మిషను చేతిచక్రం ఫ్లైవీలయింది. కుట్టుమిషను చక్రం తిప్పి వదిలేస్తే కాసేపు దానంతటదే తిరుగుతుందే, ఆ ఊపు కోసమన్నమాట. పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి గొట్టంలోకి వెళ్ళాలి. పిస్టను వాటిని అదమాలి. నిప్పురవ్వ పడి, భగ్గుమని, పిస్టనుని వెనక్కి తన్నాలి. పొగ బయటికి పోవాలి. మళ్ళీ మొదలు. ఆ నిప్పురవ్వకి కరెంటు కావాలి గనక వంటింటి దీపం దగ్గర్నించి తీగ లాగాడు.

అంతా బాగానే ఉంది గాని, పెట్రోలుని కొలతగా అందించే ఏర్పాటు దానికి లేదు. ఆయన చేతులు చక్రం తిప్పడానికి కావాలాయె! అందుకని వంట పక్కనపెట్టి క్లారా వచ్చింది. చుక్కచుక్కగా పోయాలి. ఎక్కువైతే ఇంజను మునిగిపోతుంది, తక్కువైతే రగలదు. ఆయన చక్రం తిప్పాడు. ఇంజను దగ్గింది, ఉమ్మింది, ఉన్నట్టుండి అందుకుంది. సింకు గడగడలాడింది. పొగగొట్టంలోంచి మంటలు!

ఈ కథ చెప్పేవాళ్ళు గ్యాసు గొట్టాన్నీ లేతు చక్రాన్నీ చూసి మురిసిపోతారు. నా మనసు మాత్రం ఆ చుక్కల దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో పసిగుడ్డుని పెట్టుకుని మనలో ఎంతమందిమి పోస్తాం? నేనైతే "బాగుంది వరస! పెరట్లోకి పట్టుకుపోండి" అని ఉందును. క్లారాది ధైర్యమా, పిచ్చా అంటే రెండూ కలిసే ఉన్నాయంటాను.

కాని ఆవిడ వైపునించీ చూడాలి కదా. 1888లో పెళ్ళయింది. మామగారిచ్చిన పొలంలో, ఆవిడకి నచ్చినట్టుగా ఇల్లు కట్టుకున్నారు. 1891లో ఒకనాడు హెన్రీ ఆవిడ పాటల కాగితం వెనకాలే ఇంజను బొమ్మ గీసి, ఇది చెయ్యాలంటే కరెంటు పని నేర్చుకోవాలి, పట్నం వెళ్ళిపోదాం అన్నాడట. ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు వదిలి వచ్చేసింది. ఆయన ఎడిసన్ కరెంటు కంపెనీలో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా ఇనుముతో కుస్తీపట్టాడు. రెండేళ్ళు. ఆ కాగితం మీది బొమ్మ నిజమో కాదో తేలే రాత్రి ఆవిడ మాత్రం వంట చేసుకుంటూ కూర్చుంటుందా?

ఇంజను తిరగడమైతే తిరిగింది గాని, దేన్నీ లాగలేదు. ఆయన కాసేపు చూసి ఆపేశాడు. తరవాత అంతకన్నా పెద్ద ఇంజను మొదలెట్టాడు. ఇంటి వెనక ఇటుకల కొట్లో, రాత్రుళ్ళు కూర్చుని, సైకిలు చక్రాల బండి తయారుచేశాడు. 1896 జూన్ 4 తెల్లవారుజామున బయటికి తీయబోతే, బండి గుమ్మంలో పట్టలేదు! ఇంత లెక్కలొచ్చిన మనిషికి గుమ్మం కొలుచుకోవాలని తోచలేదు చూడండి. గొడ్డలి పుచ్చుకుని గోడ పగలగొట్టాడు. వానలో గొడుగు పట్టుకుని నించున్నది, ఇంకెవరు, క్లారాయే. తనని నమ్మిన మనిషని ఆయన ఆవిడకి ముద్దుపేరు పెట్టుకున్నాడు.

1908లో ఆయన మోడల్ టి కారు వచ్చింది. లక్షలమీద అమ్ముడుపోయింది. వంటింటి ఇంజను డియర్‌బర్న్‌లో, ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉంది.

క్లారా సొంతానికి నడుపుకున్న 1914 నాటి కారు మాత్రం ఆయన కంపెనీది కాదు. ఇంకో కంపెనీవాళ్ళ బ్యాటరీ బండి. చప్పుడుండదు, పొగ రాదు. ఒక్క చుక్క పెట్రోలు పొయ్యక్కర్లేదు.